పిస్టల్‌కు అదనపు మ్యాగజీన్లు ఎంచుకోవడం ఎలా: కొనే ముందు, కొన్నాక చేయాల్సిన పనులు

నాలుగేళ్ల కిందట డాలస్ దగ్గర ఒక క్లబ్ మ్యాచ్‌లో నా గ్లాక్ 19 పిస్టల్ మూడో స్టేజీ, అంటే పోటీలో మూడో అంచె, మధ్యలో ఆగిపోయింది. తూటా సగం లోపల, సగం బయట ఇరుక్కుంది. నేను తుపాకీనే అనుమానించాను. ఇంటికొచ్చి మొత్తం విప్పి శుభ్రం చేశాను, పేలాక పై భాగాన్ని తిరిగి ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ మార్చాను. తర్వాతి వారం రేంజ్‌లో మళ్లీ అదే జరిగింది. పక్క లేన్‌లో ఉన్న మన తెలుగాయన, నాకన్నా పదిహేనేళ్లు ముందు నుంచి షూటింగ్ చేస్తున్నవాడు, ఒక్క ప్రశ్న అడిగాడు. "ఏ మ్యాగజీన్‌తో ఆగింది తమ్ముడూ?"

మ్యాగజీన్ అంటే తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి తోసే గొట్టం. నా దగ్గర జవాబు లేదు. బ్యాగులో ఉన్న ఆరు మ్యాగజీన్లూ ఒకేలా నల్లగా ఉన్నాయి. నాలుగు కంపెనీవి, రెండు గన్ షోలో చవగ్గా వస్తే తీసుకున్నవి. ఆయన పెయింట్ మార్కర్ ఇచ్చి అన్నిటికీ అంకెలు వేయమన్నాడు. ఇంకో గంట కాల్చేసరికి తేలిపోయింది. తుపాకీలో ఏ లోపమూ లేదు. ఆగిన ప్రతిసారీ చేతిలో ఉన్నది 5వ నంబరు మ్యాగజీన్.

ఒక తూటా పేలగానే తర్వాతిది దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఎక్కువగా తంటా తెచ్చేది మ్యాగజీనే. అయినా మనం తుపాకీ కొనడానికి నెలల తరబడి ఆలోచిస్తాం, అదనపు మ్యాగజీన్లను మాత్రం బిల్లు కట్టే కౌంటర్ దగ్గర కంటికి కనబడినవి తీసుకుంటాం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఇది ముఖ్యంగా అమెరికాలో చట్టబద్ధంగా పిస్టల్ కొనుక్కున్న తెలుగువారి కోసం. హైదరాబాద్‌లో .22 (సన్నటి చిన్న తూటా) పిస్టల్‌తో పోటీలకు సాధన చేసేవారికి పనికొచ్చే మాటలు చివర్లో ఉన్నాయి.

ముందుగా చట్టం

హెచ్1బి, ఎఫ్1 వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. "రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాలిస్తే ఏమవుతుందిలే" అనుకునే కుర్రాళ్లను చాలామందిని చూశాను. కాసేపు చేతిలో పట్టుకోవడం కూడా దగ్గర ఉంచుకోవడం కిందికే రావచ్చు. తుపాకీ కేసు పడితే వీసాకూ, రేపటి గ్రీన్‌కార్డుకూ ఎసరు వస్తుంది. వీసా మీద ఉన్నవారు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఈ దారిలో అడుగు వేయకండి. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ పౌరులకీ ఈ వీసా నిషేధం వర్తించదు.

రెండోది, మ్యాగజీన్‌లో ఎన్ని తూటాలు పట్టవచ్చన్నది. 1994 నుంచి 2004 దాకా దేశమంతటా 10 తూటాల పరిమితి ఉండేది. అది ముగిశాక ఫెడరల్ పరిమితి లేదు గానీ రాష్ట్రాలకు వాటి చట్టాలు ఉన్నాయి. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, మసాచుసెట్స్‌లలో 10. కొలరాడోలో 15. ఇల్లినాయ్‌లో పిస్టల్‌కు 15. డెలవేర్‌లో 17. వాషింగ్టన్ రాష్ట్రంలో 10కి మించినవి అమ్మడాన్ని 2022 జులై నుంచి ఆపేశారు. టెక్సస్, జార్జియా, ఫ్లోరిడాలలో పరిమితి లేదు. వీటిలో చాలా చట్టాల మీద కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి కాబట్టి కొనే రోజున మీ రాష్ట్రపు తాజా నియమం చూసుకోండి. పెన్సిల్వేనియాలో ఉండి వారాంతానికి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో వెళ్లేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. మీ ఇంట్లో తప్పు కాని 15 తూటాల మ్యాగజీన్ నది దాటగానే నేరమవుతుంది. ఖాళీగా ఉన్నా సరే.

విమాన ప్రయాణం ముందు బ్యాగు ఖాళీ చేసి, బోర్లించి దులపండి. అమెరికాలో ఖాళీ మ్యాగజీన్‌ను కూడా చేతి సామానులో అనుమతించరు. ఇండియా ప్రయాణమైతే ఇంకా ప్రమాదం. మన ఆయుధ చట్టం, 1959, ఆయుధాల విడిభాగాలను కూడా ఆయుధాల కిందే లెక్కిస్తుంది. రేంజ్‌కు వాడే బ్యాగును శంషాబాద్ ప్రయాణానికి అసలు వాడకండి. నా ఇంట్లో ఆ బ్యాగు రంగే వేరు, పిల్లలు కూడా గుర్తుపడతారు.

మ్యాగజీన్ లోపల ఏం జరుగుతుంది

చిన్నప్పుడు టార్చిలైటులో సెల్లులు వేసిన జ్ఞాపకం ఉందా? అడుగున స్ప్రింగ్, పైన సెల్లులు. మ్యాగజీన్ కూడా అలాంటిదే. ఒక గొట్టం. అందులో పొడవాటి స్ప్రింగ్. స్ప్రింగ్ మీద తూటాలను పైకి మోసే పలక, దీన్ని ఫాలోవర్ అంటారు. కింద మూత, అంటే బేస్‌ప్లేట్. పైన తూటా ఎగిరిపోకుండా రెండు పక్కల నుంచి లోపలికి వంగిన అంచులు, వీటిని ఫీడ్ లిప్స్ అంటారు. నేను పెదవులు అనే రాస్తాను.

పిస్టల్ పేలగానే స్లైడ్, అంటే పైన జారే ఉక్కు భాగం, వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా ఆ రాకపోకలు అయిపోతాయి. ఆ వ్యవధిలోనే స్ప్రింగ్ మొత్తం తూటాల దొంతరను ఒక మెట్టు పైకి లేపాలి, పై తూటా సరైన ఎత్తులో, సరైన వాలులో ఉండాలి, స్లైడ్ దాన్ని నెట్టినప్పుడు పెదవులు సరైన చోట వదలాలి. స్ప్రింగ్ నీరసపడితే తూటా ఆలస్యంగా లేస్తుంది, లేదా దాని ముక్కు కిందికి వాలుతుంది. పెదవులు వెడల్పయితే తూటా ముందే ఎగురుతుంది, ఒక్కోసారి రెండు కలిసి వస్తాయి. ఫాలోవర్ పక్కకు ఒరిగితే దొంతర అంతా బిగుసుకుంటుంది. ఈ మూడు విషయాలు తెలిస్తే, కొట్టులో ఒక మ్యాగజీన్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు మీరు ఏం చూస్తున్నారో మీకు తెలుస్తుంది.

గొట్టం లోపలి నునుపు కూడా చిన్న సంగతి కాదు. అమెరికా సైన్యం 1985లో బెరెటాను ఎం9 పేరుతో తీసుకుంది. ఇరాక్ యుద్ధంలో ఆ పిస్టల్ ఆగిపోతోందని సైనికులు ఫిర్యాదు చేశారు. చాలా వరకు కారణం మ్యాగజీన్లే. తుప్పు పట్టకూడదని వాటికి మందంగా, గరుకుగా ఫాస్ఫేట్ పూత వేయించారు. ఎడారి ఇసుక ఆ గరుకు పూతకు అంటుకుని ఫాలోవర్‌ను కదలనివ్వలేదు. తర్వాత నున్నటి పూత వేసిన కొత్త మ్యాగజీన్లు ఇచ్చారు. పిస్టల్ అదే, తూటాలు అవే.

ఏది కొనాలి

మొదటి ఎంపిక ఎప్పుడూ పిస్టల్ తయారుచేసిన కంపెనీ మ్యాగజీనే. ఆత్మరక్షణ కోసం ఉంచుకునే పిస్టల్ అయితే రెండో ఆలోచన వద్దు. గ్లాక్ మ్యాగజీన్ సుమారు 25, 30 డాలర్లకు దొరుకుతుంది. సిగ్, సీజడ్, హెచ్‌కే లాంటివి 40 నుంచి 60 దాకా ఉంటాయి. ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ చవకదాని లోపం వెతకడానికి ఖర్చయ్యే తూటాల ధర లెక్కేస్తే ఈ తేడా నిలవదు. గన్ షోలో నేను రెండు మ్యాగజీన్ల మీద ఆదా చేసింది 30 డాలర్లు. 5వ నంబరు లోపం కనుక్కోవడానికి, అక్కర్లేని రీకాయిల్ స్ప్రింగ్‌కు, వృథాగా పోయిన మ్యాచ్ ఫీజుకు అంతకు నాలుగింతలు పెట్టాను.

రెండో వరసలో మెక్‌గార్. ఇటలీలో తుపాకుల తయారీకి పేరుపడ్డ గార్డోనే వాల్ ట్రాంపియా ప్రాంతపు కంపెనీ ఇది. చాలా పిస్టల్ కంపెనీలకు మ్యాగజీన్లు చేసిచ్చేది వీళ్లే. అంటే పిస్టల్ కంపెనీ ముద్ర ఉన్న మ్యాగజీన్ కూడా లోపల మెక్‌గార్‌దే అయ్యే అవకాశం ఉంది. సీజడ్ 75, బెరెటా 92, సిగ్ పీ226 ఉన్నవారు నిశ్చింతగా చూడవచ్చు.

గ్లాక్ ఉన్నవారికి మ్యాగ్‌పుల్ ప్లాస్టిక్ మ్యాగజీన్లు చవగ్గా వస్తాయి. ఇక్కడ ఒక తేడా గమనించండి. గ్లాక్ సొంత మ్యాగజీన్ బయటికి ప్లాస్టిక్‌లా కనబడినా లోపల ఉక్కు పొర ఉంటుంది. మ్యాగ్‌పుల్‌ది పూర్తిగా పాలిమర్. సాధనకు నా దగ్గర మూడున్నాయి, బాగా పనిచేస్తున్నాయి. ఇంట్లో రక్షణ కోసం లాకర్‌లో ఉంచే పిస్టల్‌లో మాత్రం గ్లాక్‌దే ఉంటుంది. అది నా నిర్ణయం, మీరు పరీక్షించి మీది తీసుకోండి.

1911 నమూనా పిస్టల్ ఉన్నవారికి లెక్క వేరు. వందేళ్లు దాటిన డిజైన్ అది, ఎన్నో కంపెనీలు తయారుచేస్తాయి, పెదవుల ఆకారాలే మూడు రకాలు. పాత సైనిక రకం తూటాను మెల్లగా, దూరం దాకా పట్టుకుని వదులుతుంది. గుండ్రటి ముక్కు తూటాకు అది మేలు. వాడ్‌కట్టర్ రకం త్వరగా వదిలేస్తుంది, ముక్కు మొండిగా ఉన్న పొట్టి తూటాల కోసం. రెండింటికీ మధ్యలో హైబ్రిడ్. మీరు ఏ తూటా వాడతారో తెలియకుండా 1911కు మ్యాగజీన్ కొనడం పాదం కొలవకుండా చెప్పులు కొన్నట్టే. చాలామంది 1911 వాళ్లు విల్సన్ కాంబాట్ 47డి వైపు మొగ్గుతారు. 7 తూటాలదా 8 తూటాలదా అన్నది పాత చర్చ. అదే పొడవు గొట్టంలో ఎనిమిదోది పట్టించాలంటే స్ప్రింగ్‌కూ ఫాలోవర్‌కూ ఉన్న చోటు తగ్గించాలి. నేనైతే 7 తీసుకుంటాను.

సామర్థ్యం పెంచే అతుకుల గురించి ఒక మాట. బేస్‌ప్లేట్ మార్చి రెండు మూడు తూటాలు ఎక్కువ పట్టించేవి అమ్ముతారు. గొట్టం పొడవు పెరిగింది గానీ స్ప్రింగ్ పాతదే అయితే చివరి తూటాలను లేపే బలం చాలదు. దానితో పాటు కొత్త స్ప్రింగ్ ఇవ్వకపోతే కొనకండి. అలాగే గ్లాక్ 43ఎక్స్‌కు 10 తూటాల చోట 15 పట్టించే ఉక్కు మ్యాగజీన్లు వేరే కంపెనీవి ఉన్నాయి. పిస్టల్‌లో మ్యాగజీన్‌ను పట్టి ఉంచే గొళ్లెం ప్లాస్టిక్. ఉక్కు దాన్ని అరగదీస్తుంది కాబట్టి ఉక్కు గొళ్లెం వేయించుకోవాలి. అది వేస్తే గ్లాక్ సొంత ప్లాస్టిక్ మ్యాగజీన్ల గాడి అరుగుతుంది. ఒక్క భాగం మారిస్తే మిగతావి ఎలా కదులుతాయో చూడండి. ఒక పిస్టల్‌కు ఒకే రకం మ్యాగజీన్లు పెట్టుకోవడం అన్నిటికన్నా హాయి.

మోడల్ సరిపోల్చుకోవడం సులభం. గ్లాక్ 17 మ్యాగజీన్ 19లోనూ 26లోనూ పనిచేస్తుంది, కింద కొంచెం బయటికి ఉంటుంది. 19ది 17లో పట్టదు, పొట్టి. సిగ్ పీ320, పీ365 పేర్లు దగ్గరగా ఉన్నా మ్యాగజీన్లు ఒకటి కావు. డబ్బా మీద మీ పిస్టల్ మోడలూ, తూటా సైజూ రెండూ ఉన్నాయో లేదో చదవండి.

ఎన్ని కావాలి? పిస్టల్‌తో వచ్చిన రెండింటికి తోడు నాలుగు. రెండింటిని రక్షణకు వేరుగా ఉంచి వాటితో పెద్దగా సాధన చేయకండి. నాలుగు రేంజ్‌కు. మ్యాచ్‌లకు వెళ్లేవారు ఇంకో రెండు కలుపుకోండి. యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలోని ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) పోటీల్లో క్యారీ ఆప్టిక్స్ విభాగానికి, అంటే గురి చూసే ఎలక్ట్రానిక్ చుక్క ఉన్న పిస్టళ్లకు, మ్యాగజీన్ పొడవు 141.25 మిల్లీమీటర్లు దాటకూడదు. పెద్ద బేస్‌ప్లేట్ వేసుకునేవారు స్కేలు పెట్టి కొలుచుకోండి.

పాతవి, నకిలీవి

పోలీసు శాఖలు తుపాకులు మార్చుకున్నప్పుడు వాటి మ్యాగజీన్లు చవగ్గా బజారులోకి వస్తాయి. కొన్నిటి మీద పోలీసు, ప్రభుత్వ వాడకానికి మాత్రమే అన్న అర్థంలో ఇంగ్లిష్ ముద్ర ఉంటుంది. అవి 1994–2004 నాటివి. ఫెడరల్ చట్టం ప్రకారం ఇప్పుడు తప్పేమీ కాదు, మీ రాష్ట్రం ఒప్పుకుంటే చాలు. గొట్టం బాగుంటే మంచి బేరమే, కానీ ఇరవై ఏళ్లు పైబడిన స్ప్రింగ్‌ను నమ్మకండి. కొత్త స్ప్రింగ్ ధర కలిపి బేరం లెక్కించండి. వోల్ఫ్ కంపెనీ దాదాపు అన్ని పిస్టళ్లకూ స్ప్రింగులు అమ్ముతుంది.

గ్లాక్‌లో మరీ పాత రకం మ్యాగజీన్లలో ఉక్కు పొర గొట్టం అంతా ఉండేది కాదు. నిండాక పక్కలు ఉబ్బి, బటన్ నొక్కినా జారిపడేవి కావు. అది లోపం కాదు, అప్పటి డిజైనే అంత. కానీ ఇవాళ వేగంగా మార్చాలనుకునేవారికి పనికిరావు.

నకిలీల విషయంలో నా నియమం ఒక్కటే. కంపెనీ డబ్బా లేని "కొత్త" మ్యాగజీన్ సగం ధరకు వస్తోందంటే వదిలేస్తాను. అక్షరాల అచ్చు మసకగా ఉన్నా, తూటాల లెక్క తెలిపే అంకెల పక్కన రంధ్రాలు వంకరగా ఉన్నా, ప్లాస్టిక్ అతుకు గోటికి తగులుతున్నా పక్కన పెట్టండి.

కొట్టులో చేత్తో చూడాల్సినవి

ఫాలోవర్‌ను వేలితో మధ్యలో నొక్కండి, తర్వాత ముందు అంచున, వెనక అంచున. అడుగుదాకా వెళ్లి ఎక్కడా తట్టుకోకుండా తిరిగి రావాలి. మధ్యలో గరగరలాడితే వద్దు. పైనుంచి చూస్తే రెండు పెదవులూ సమానంగా వంగి ఉండాలి. ఉక్కు మ్యాగజీన్ అయితే వెనక వెల్డింగ్ గీత మీద వేలు నడపండి. బేస్‌ప్లేట్ కదలకూడదు. ఇంతే. కొట్టులో ఇంతకన్నా తెలియదు, అసలు పరీక్ష ఇంటి దగ్గర మొదలవుతుంది.

ఇంటి దగ్గర: తూటాలు లేకుండా

గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. పిస్టల్‌లోంచి ముందు మ్యాగజీన్ తీయండి, ఆ తర్వాత స్లైడ్ లాగి చాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) చూడండి, వేలు పెట్టి తడమండి. ఈ వరస తారుమారు చేస్తే, స్లైడ్ మీరు లాగినప్పుడే మ్యాగజీన్‌లోంచి ఇంకో తూటా లోపలికి వెళ్లిపోతుంది. మ్యాగజీన్ తీసేస్తే పిస్టల్ ఖాళీ అయిపోయిందని అనుకునేవారు ఉన్నారు. గ్లాక్‌తో సహా ఎన్నో పిస్టళ్లు మ్యాగజీన్ లేకపోయినా చాంబర్‌లో ఉన్న తూటాను పేల్చేస్తాయి. దయచేసి ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

ఇప్పుడు ప్రతి మ్యాగజీన్‌కూ అడుగున అంకె వేయండి. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కిస్తారు కదా, పెళ్లి పందిట్లో ఏ గంగాళం ఎవరిదో తెలియడానికి. అంత చెరిగిపోకుండా ఉండాలి. పెయింట్ మార్కర్ మేలు, నెయిల్ పాలిష్ కూడా పనిచేస్తుంది. కొన్న తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.

తర్వాత విప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి, స్ప్రింగ్ ఎగిరితే నేరుగా ముఖానికే వస్తుంది. చాలావాటికి అడుగు మూత మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. సన్నటి పంచ్‌తో అందులోని బుడిపెను నొక్కి మూతను ముందుకు జరుపుతూ, బొటనవేలితో స్ప్రింగ్‌ను అదిమి పట్టుకోవాలి. గ్లాక్‌కు అడుగు పక్కలు కూడా పిండాలి. స్ప్రింగ్ బయటికొస్తుండగానే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. దానికి ముందు వెనకలు ఉన్నాయి, తిప్పి పెడితే ఫాలోవర్ ఒరిగి మంచి మ్యాగజీన్ కూడా చెడ్డదైపోతుంది. నేను ఒకసారి అలా పెట్టి కంపెనీకి ఫిర్యాదు రాయబోయాను.

లోపల కంపెనీ పూసిన నూనె ఉంటుంది. పాత కాటన్ లుంగీ ముక్కతో పొడిగా తుడిచేయండి. మళ్లీ నూనె వేయకండి. నూనెకు మసి, దుమ్ము అంటుకుని జిగురవుతుంది. మ్యాగజీన్ లోపల పొడిగా ఉండాలి.

బిగించాక పిస్టల్‌లో పెట్టి చూడండి. టక్కుమని గొళ్లెం పడాలి, లాగితే రాకూడదు. బటన్ నొక్కితే సొంత బరువుతో జారాలి. సీజడ్ 75లో జారకపోతే కంగారు పడకండి, దాని ఫ్రేమ్‌లో వెనక వైపు ఉన్న పట్టీ మ్యాగజీన్‌ను ఒత్తి పట్టుకుంటుంది. ఖాళీ మ్యాగజీన్‌తో స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగండి, పదిసార్లు. పదిసార్లూ స్లైడ్ వెనకే నిలబడాలి. ఒక్కసారి తప్పినా పుస్తకంలో రాయండి. ఆ తర్వాత మందు లేని డమ్మీ తూటాలు అయిదారు నింపి స్లైడ్ చేత్తో గట్టిగా లాగి వదులుతూ అన్నీ లోపలికి వెళ్లి బయటికి వస్తున్నాయో చూడండి.

రేంజ్‌లో: అసలు పరీక్ష

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పవచ్చు. మ్యాగజీన్లకు ఆ పద్ధతి పనికిరాదు. ఒకే డబ్బాలో వచ్చిన రెండింటిలో ఒకటి బంగారంలా పనిచేసి రెండోది మొండికేయడం చూశాను. ప్రతి ఒక్కదాన్నీ విడిగా పరీక్షించాలి.

మొదట పూర్తిగా నింపండి. కొత్త స్ప్రింగ్‌కు చివరి రెండు తూటాలు ఎక్కించడం బొటనవేలికి నరకం. అప్‌లూలా అనే చిన్న లోడర్ దొరుకుతుంది, కొనుక్కోండి. నిండాక పై తూటాను వేలితో నొక్కితే కొంచెం కిందికి దిగాలి. రాయిలా ఉంటే, స్లైడ్ ముందుకు మూసి ఉన్నప్పుడు ఆ మ్యాగజీన్ గొళ్లెం దాకా ఎక్కదు. కింద పడిపోయే ప్రమాదం అక్కడే ఉంది. దాన్ని ఒక రాత్రి నిండుగా, తాళం వేసిన పెట్టెలో ఉంచితే కొంత సడలుతుంది. అప్పటికీ దిగకపోతే ఒక తూటా తక్కువ నింపండి. 15కి 14 అయినంత మాత్రాన నష్టమేమీ లేదు.

కాల్చేటప్పుడు నా లెక్క ఇది. ప్రతి మ్యాగజీన్‌తో మామూలు గుండ్రటి ముక్కు తూటాలు మూడు నిండుగా. రక్షణకు ఉంచుకునే వాటితో హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న) తూటాలు రెండు నిండుగా. మీరు నిజంగా వాడే బ్రాండే అయి ఉండాలి, ఎందుకంటే ముక్కు ఆకారం మారితే లోపలికి వెళ్లే తీరు మారుతుంది. 15 తూటాల మ్యాగజీన్‌కు ఇది 75. ఖర్చే. కానీ అందులో 45 ఎలాగూ సాధనలో కాల్చేవే, అంకె చూసుకుని రాసుకోవడమే కొత్త పని. హాలో పాయింట్లు ఖరీదు కాబట్టి రక్షణకు రెండే ఉంచమన్నాను.

ప్రతిసారీ మూడు గమనించండి. మొదటి తూటా సాఫీగా వెళ్లిందా? నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ ఒత్తిడి అత్యధికం, కింది తూటా పైదాన్ని బిగపడుతుంది. చివరి తూటా వెళ్లిందా? అక్కడ స్ప్రింగ్ బలం అత్యల్పం. అన్నీ అయ్యాక స్లైడ్ వెనక నిలిచిందా? తంటాలు ఎక్కువగా ఈ మూడు చోట్లే బయటపడతాయి. మధ్య తూటాలు ఎంత బాగా వెళ్లినా మురిసిపోకండి.

ఏదైనా ఆగితే లక్ష్యాల వైపు నుంచి పిస్టల్ మూతిని తిప్పకుండా, వేలు ట్రిగ్గర్ మీద లేకుండా, ముందు అంకె చూడండి. తర్వాత అదే తుపాకీలో వేరే అంకె మ్యాగజీన్ పెట్టి కాల్చండి. తంటా మ్యాగజీన్ వెంట పోతే దోషం మ్యాగజీన్‌ది. ఏది పెట్టినా అదే ఆగితే తుపాకీని చూడాలి. తూటా ముక్కు కిందికి వాలి గుద్దుకుంటే స్ప్రింగ్ లేదా ఫాలోవర్. రెండు తూటాలు కలిసి వస్తే పెదవులు, లేదా వాడిన గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్. తూటాలుండగానే స్లైడ్ వెనక ఆగిపోతే ముందు మీ బొటనవేలు స్లైడ్‌ను వెనక నిలిపే మీటకు తగులుతోందేమో చూసుకోండి. మా గ్రూపులో ఇద్దరికి అదే కారణం, మ్యాగజీన్లను అనవసరంగా తిట్టుకున్నారు.

వాడుతూ ఉంటే

"నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందా?" అని ప్రతి కొత్తవాళ్లూ అడుగుతారు. మంచి కంపెనీ స్ప్రింగ్ ఒకే స్థితిలో నొక్కి ఉంచినందువల్ల పెద్దగా నీరసపడదు. పదేపదే నొక్కుకుని సాగడం వల్ల అరుగుతుంది. అందుకే లాకర్‌లో నిండుగా ఉన్నదానికన్నా మీ రేంజ్ మ్యాగజీన్ స్ప్రింగే ముందు పోతుంది. స్లైడ్ చివర్లో నిలవకపోవడం మొదలైతే స్ప్రింగ్ మార్చే వేళయింది. కొత్త స్ప్రింగ్ పక్కన పాతది నిలబెట్టి చూడండి, పొడవులో తేడా కంటికే తెలుస్తుంది.

మ్యాచ్‌లో మ్యాగజీన్లు మట్టిలో, కంకరలో పడతాయి. టెక్సస్ ఎర్రమట్టి అయితే చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రమే విప్పి బ్రష్‌తో దులపండి. పెదవుల దగ్గర చిట్లిందేమో, వంగిందేమో వెలుతురులో చూడండి. వంగిన ఉక్కు పెదవిని మళ్లీ సరిచేసి వాడుకోవచ్చని కొందరు చెబుతారు. నేను ఆ పని చేయను, మీకూ చెప్పను.

.22 పిస్టల్ వాళ్లకు

హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత విభాగంలో రజతం, జట్టు విభాగంలో స్వర్ణం సాధించింది. ఆమెను చూసి ఈ ఆటలోకి వచ్చిన పిల్లలు మన దగ్గర చాలామంది ఉన్నారు. 25 మీటర్ల పోటీల్లో వాడేది .22 తూటా, ఒక్కో వరసకు అయిదు. దీని అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ కొక్కెం వేసుకుని స్లైడ్ ఎంత నెట్టినా కదలవు. ఒక్కో తూటా వేశాక మ్యాగజీన్ వీపును అరచేతికి మెల్లగా తట్టి, అంచుల వరస కంటితో చూసుకోవడం అలవాటు చేసుకోండి. .22 తూటా సీసానికి మైనం లేదా కొవ్వు పూత ఉంటుంది. అది మ్యాగజీన్ లోపల పేరుకుంటుంది కాబట్టి 9 ఎం.ఎం. తూటా వాడేవాళ్లకన్నా మీరు తరచుగా శుభ్రం చేయాలి. ఇండియాలో అదనపు మ్యాగజీన్‌ను మీ లైసెన్స్, మీ రైఫిల్ అసోసియేషన్ చెప్పిన దారిలోనే తెప్పించుకోండి. విదేశాల్లో ఉన్న బంధువుల సూట్‌కేసులో వద్దు.

తప్పిన మ్యాగజీన్‌ను ఏం చేయాలి

స్ప్రింగ్ మార్చి, శుభ్రం చేసి, మళ్లీ 75 తూటాలు కాలుస్తాను. అప్పుడూ ఒక్కసారి ఆగితే ఇక అవకాశం ఇవ్వను. సాధనకు ఉంచుకుందాంలే అని కూడా అనుకోను, ఎందుకంటే అది ఏదో ఒకరోజు మంచివాటిలో కలిసిపోతుంది. ఇంకొకరికి అమ్మను, ఊరికే ఇవ్వను కూడా. స్ప్రింగ్, బేస్‌ప్లేట్ విడిభాగాలుగా తీసి పెట్టుకుని, పెదవులను కటింగ్ ప్లేయర్‌తో వంచేసి చెత్తలో పడేస్తాను. నా 5వ నంబరు అలాగే పోయింది. గన్ షోలో దానితో పాటు కొన్న 6వది ఇంకో నెలకు పోయింది. ఆ అంకెలు మళ్లీ దేనికీ వేయలేదు, నా బ్యాగులో 4 తర్వాత 7 ఉంటుంది.